ఎదురు నడచిన గంగ

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మన పెద్దల సామెత. ఇందలి మొదటి సగమును గూర్చి ఎవరికిని సందేహము కలుగదు. త్ర్యంబకము వద్ద బ్రహ్మగిరిపై పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు పల్లమునే వెదకుకొనుచు నడచి సముద్రమును చేరుచున్నది. ధర్మపురిలో నరసింహస్వామి సన్నిధిని దక్షిణవాహినియగును. చెన్నూరు వద్ద ఉత్తరవాహినియగును. ఎన్ని దిక్కులకు తిరిగినను ఆ తల్లి పల్లమును మరచినది లేదు.

రామగుండము, గోదావరిఖని ప్రాంతములందు ప్రజలు గోదావరిని గోదావరి అనుట అరుదు. వారికి ఆమె గంగ. కార్తికమాసమున తెల్లవారుజామున బొగ్గుబావుల కాలనీలనుండి బయలుదేరు స్త్రీలను ఎక్కడికమ్మా అని అడిగినచో "గంగకు పోతున్నం" అనియే చెప్పుదురు. ఈ పేరు నాకు మిక్కిలి ఇష్టము. మన నదిని గంగయనుటలో చిన్నదానిని పెద్దది చేసి చెప్పుట లేదు. ఉన్నది ఒకటే గంగ, ఆమె కొన్ని చోట్ల ఈ త్రోవను పోవుచున్నదను భావము మాత్రమే ఉన్నది.

2022వ సంవత్సరము కార్తికమున నేను అచట భాగవత పురాణము చెప్పుచుంటిని. ఆ యేడు జూలైలో గోదావరికి వచ్చిన వరదను ఆ ప్రాంతమువారు ఇంకను తలచుకొని భయపడుచుండిరి. శ్రోతలలో ఒక పెద్దాయన ప్రతిదినము వెనుక వరుసలో స్తంభమునకు ఆనుకొని కూర్చుండెడివాడు. సింగరేణిలో ఫిల్లరుగా చేరి, ముప్పదియేండ్లకు పైగా బాయిలో బొగ్గు నింపి, విరమించినవాడు. అచటివారు గనిని బాయి అందురు. అర్ధరాత్రి షిఫ్టుకు దిగి తెల్లవారిన తరువాత పైకి వచ్చు జీవితము వారిది. సూర్యునికి అర్ఘ్యమిచ్చు వేళకు వారు భూగర్భమున ఉందురు. ఆచారమును గూర్చి వారికి ఉపన్యసించుటకు ముందు మావంటివారు ఈ సంగతి కొంత తలచుకొనవలెను.

ఒకనాడు పురాణము ముగిసిన పిమ్మట ఆయన నా దగ్గరకు వచ్చి నిలిచినాడు.

"అయ్యగారూ, ఒక్క మాట అడుగుత. కిందికి పోయిన నీళ్ళు మల్ల పైకొస్తయా?"

ఏమి సంగతి అని అడిగితిని. ఆయన తన కథను నాలుగు మాటలలో చెప్పినాడు. జీతము చేతికి వచ్చిన నాడెల్ల త్రాగెడివాడు. భార్య ఏమియు అడిగెడిది కాదట. ఒక్క కోరిక మాత్రము ఉండెడిది: ధర్మపురికి పోయి స్వామిని చూచి, గంగలో మునిగి రావలెనని. గోదావరిఖనికి ధర్మపురి ఒక పూట ప్రయాణము. వచ్చే నెల, వచ్చే ఏకాదశి, వచ్చే పండుగ అనుచు ఇరువది యేండ్లు గడిపినాడు. ఆమె పోయినది. ఇప్పుడు త్రాగుడు లేదు, చేతిలో పింఛను ఉన్నది, కావలసినంత సమయము ఉన్నది. తీసికొనిపోవుటకు మనిషి లేదు.

నేను ఆనాడు చెప్పిన సమాధానమును ఇచట దాచుట ధర్మము కాదు. పురాణము చెప్పి అలసియుంటిని. నోటికి అలవాటైన మాట వెంటనే వచ్చినది. "గతజల సేతుబంధనము వలదు నాయనా. పోయిన నీటికి కట్ట కట్టి ఏమి లాభము? ఇక ముందు నామస్మరణ చేసికొనుము" అంటిని. మాటలో శాస్త్రదోషము లేదు. కాని ఆయన ముఖము చూచిన తరువాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆకలితో వచ్చినవానికి నిఘంటువు చదివి వినిపించినట్లయినది.

ఆ మాఘమాసమున కాలనీ భజనమండలివారు వంగదేశ యాత్రకు సిద్ధపడిరి. ఫాల్గుణ పూర్ణిమ శ్రీకృష్ణచైతన్యుల అవతార దినము. ఆయన 1486వ సంవత్సరమున నవద్వీపమున, చంద్రగ్రహణ వేళ జన్మించినారు. ఆ మహనీయునకు మన గోదావరితో ఉన్న సంబంధము మనవారిలో కొందరికే తెలియును. సన్న్యసించిన పిమ్మట 1510 ప్రాంతమున ఆయన దక్షిణదేశ యాత్రకు వచ్చి, కొవ్వూరు వద్ద గోదావరీతీరమున రామానందరాయలను కలిసికొనిరి. రాయలు ప్రతాపరుద్ర గజపతి పక్షమున ఆ సీమను పాలించుచుండినవాడు. సాధ్యమేది, సాధనమేది అను విషయమున వారిద్దరికిని జరిగిన సంభాషణము గౌడీయ వైష్ణవులకు ప్రాణప్రదము. గోదావరిని చూడగనే చైతన్యులకు యమున జ్ఞప్తికి వచ్చినదని చైతన్యచరితామృతము చెప్పుచున్నది. ఒక నదిని చూచి మరియొక నదిని గుర్తించిన ఆ దృష్టికిని, గోదావరిని గంగయని పిలుచు మన కాలనీ స్త్రీల దృష్టికిని భేదము లేదని నా తలంపు.

పెద్దాయన కూడ ఆ యాత్రకు పోయినాడు. తిరిగి వచ్చిన మరునాడే నన్ను వెదకుకొనుచు వచ్చినాడు. చేతిలో మాయాపురము ప్రసాదము, చిన్న సీసాతో గంగాజలము. కూర్చుండక మునుపే అన్నాడు: "అయ్యగారూ, మీరు చెప్పింది తప్పు. గంగ ఎనకకు నడిచింది. నా కండ్లతోని చూసిన."

నేను తెల్లబోతిని.

ఆయన చూచినది ఏమో చెప్పవలెను. కలకత్తా నగరమున ప్రవహించు గంగాశాఖకు హుగ్లీయని పేరు. సముద్రమునకు పోటు వచ్చునప్పుడు, ముఖ్యముగా అమావాస్యా పూర్ణిమల యందు, ఉప్పెత్తున లేచిన కడలినీరు వెడల్పైన నదీముఖమున ప్రవేశించును. లోపలికి పోయినకొలది నది ఇరుకగును, లోతు తగ్గును. గరాటులో క్రుమ్మరించిన నీటివలె ఆ పోటు పైకి లేచి, గోడ కట్టినట్లు నిలిచి, ప్రవాహమునకు ఎదురుగా పరుగెత్తును. వంగీయులు దీనిని బాన్ అందురు. మిక్కిలి పెద్దదానిని ఆంబోతుల పోట్లాటతో పోల్చి షాఁడాషాఁడి బాన్ అందురు. ఇది నదిలో సుమారు 70 మైళ్ళ దూరమును నాలుగు గంటలలో దాటిపోవును. కలకత్తా రేవులలో నీరు క్షణములో 5 అడుగులు లేచిన సందర్భములు కలవు. పగటి దినరాత్రి సమానముగా ఉండు చైత్రాశ్వయుజములకు చేరువ పర్వములలో దీని బలము హెచ్చు. ఫాల్గుణ పూర్ణిమ అట్టి కాలమే. మనవారు నవద్వీపమునుండి మరలి కలకత్తా చేరినది పున్నమి మరునాడు.

"ముందుగాల చప్పుడొచ్చింది," అని పెద్దాయన చెప్పినాడు. "బాయిల హాలేజీ తాడు తెగి టబ్బులు దిగొచ్చినట్టు. నాకు కాళ్ళల్ల ఒణుకు పుట్టింది. అటెనక దూరంల తెల్లటి గీత. పడవలోళ్ళు బాన్, బాన్ అని ఒర్రుకుంట ఒడ్డుకున్న పడవలను ఇప్పి నడిమికి తోసుకపోయిన్రు. నాకు సమజ్ గాలే. ఒడ్డు ఇడిసి నడి గంగకు ఎందుకు పోతున్రని అడిగిన. ఒడ్డుకు కట్టేసిన పడవ పలుగుతదంట. నడిమికి పోయి మొకం ఎదురుపెట్టిన పడవ తేలుతదంట."

ఈ మాట విన్నప్పుడు నా ఒడలు గగుర్పొడిచినది. లోతు తక్కువైన ఒడ్డునందు కెరటము విరిగి పడవలను బద్దలు చేయును. లోతు గల నడుమ అది పడవను ఎత్తి దించి ముందునకు సాగిపోవును. శరణాగతిని గూర్చి నేను చదివిన గ్రంథములన్నియు ఆ పడవవాని కేకలో ఉన్నవి. ఏ ఒడ్డును మనము రక్షయని పట్టుకొని యున్నామో ఆ ఒడ్డే పగులగొట్టును.

ఇట్టి నదులు లోకమున మరికొన్ని కలవు. చైనా దేశమున హాంగ్‌చౌ నగరము వద్ద చియెన్‌తాంగ్ నదిలో వచ్చు పోటు వీటన్నిటిలోను ప్రసిద్ధము. వారి ఎనిమిదవ చాంద్రమాసమున పున్నమి గడచిన మూడవనాడు దానిని చూచుటకు జనులు తీర్థమునకు వచ్చినట్లు వత్తురు. ఆ పోటును శాంతింపజేయుటకై 970వ సంవత్సరమున అచట ఒక గోపురము కట్టిరి. అంతకు మునుపు ఒక రాజు ఆ కెరటముపై బాణములు వేయించెనని ఆ దేశపు కథ. ఇది వినగనే మనకు మన స్వామి జ్ఞప్తికి వచ్చుట సహజము. దర్భశయనమున మూడు రాత్రులు నిరీక్షించి, సముద్రుడు పలుకకపోగా శ్రీరామచంద్రుడు విల్లెత్తినాడు. అప్పుడు సముద్రుడు ప్రత్యక్షమై విన్నవించుకొన్న దేమి? పంచభూతములు తమ స్వభావమును విడువవనియు, అగాధముగా దాటరానిదై యుండుట తన స్వభావమనియు. స్వామి ఆ మాటను త్రోసిపుచ్చలేదు. నీటి స్వభావమును చెరుపక సేతువు కట్టించినాడు.

పెద్దాయన వెళ్ళిన తరువాత నేను ఈ ఘట్టమునే చాలసేపు తలచుకొంటిని. పంచభూతములు స్వభావమును విడువనిచో హుగ్లీలో నీరు మెట్ట కెట్లు ఎక్కినది? విచారింపగా, అది ఎక్కలేదు. పోటు వేళ సముద్రమే నదికంటె ఎత్తైనది. ఎత్తైన కడలి పల్లమైన నదిలోనికి దిగినది. చంద్రుని ఆకర్షణకు సూర్యుని ఆకర్షణ తోడుపడుటచే కడలి లేచును, లేచిన కడలి పల్లమునకు వచ్చును. సామెత అబద్ధము కాలేదు. ఒడ్డున నిలిచిన మనకు నది వెనుకకు నడచినట్లు కనబడుచున్నది. నిజమునకు పెద్దది చిన్నదాని యింటికి దిగివచ్చినది. అవతారమను పదమునకు దిగుట యనియే గదా అర్థము!

నదులు సముద్రమును చేరుటను గూర్చి గీతాచార్యుడు రెండవ యధ్యాయమునను, విశ్వరూప సందర్భమునను చెప్పియున్నాడు. మనము సాధారణముగా ఆ పోలికనే చెప్పుకొందుము: జీవుడు నది, భగవంతుడు కడలి, జీవుడు నడచి నడచి చేరవలెను. కాని నడువలేని నది గతి యేమి? మన ఆచార్యులలో పిళ్ళైలోకాచార్యులవారు నిర్హేతుక కృపయని చెప్పినది ఇచటనే. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. వేదాంతదేశికులవారి సంప్రదాయమువారు జీవుని వైపునుండి ఒక్క వ్యాజమైనను, ఒక్క చిన్న నెపమైనను ఉండవలెనందురు. ఈ వాదములో తీర్పు చెప్పు అర్హత నాకు లేదు. పడవవానిని తలచుకొన్నప్పుడు మాత్రము ఇద్దరును ఒక మాటనే చెప్పుచున్నారేమో యనిపించును. కెరటమును పడవవాడు తెచ్చుకొనలేదు. మోకు విప్పినది మాత్రము అతడే.

భాగవతమున యమున కథలు రెండు కలవు. బలరాముడు వ్రేపల్లెకు వచ్చి చైత్రవైశాఖములు గడపిన సందర్భమున యమునను రమ్మని పిలిచెను. త్రాగి పలుకుచున్నాడని ఆమె లక్ష్యపెట్టలేదు. ఆయన నాగటికొనతో ఆమెను లాగుకొనగా భయపడి శరణన్నది. ఇది ఒకటి. రెండవది వేణుగీతము. ముకుందుని వేణునాదము విని నదులు తమ వేగము విరిగి, సుడులు తిరిగి, అలలను చేతులుగా చాచి ఆయన పాదములకు తామరలను సమర్పించినవని గోపికలు చెప్పుకొందురు. నాగలికి లొంగిన నదియు ఉన్నది, నాదమునకు లొంగిన నదియు ఉన్నది. మనలో కూడ రెండు జాతుల వారున్నారు. పెద్దాయన తాను మొదటి జాతివాడనని నవ్వుచు చెప్పుకొన్నాడు.

నేను ఆయనతో మరియొక సంగతి ముచ్చటించితిని. సీతమ్మను రావణుడు కొనిపోవునపుడు ఆ తల్లి గోదావరికి మ్రొక్కి, ఈ వార్తను రామునితో చెప్పుమని వేడుకొన్నది. తరువాత రాముడు వచ్చి అడిగినప్పుడు గోదావరి రావణునికి జడిసి నోరు విప్పలేదు. చెప్పవలసిన వేళ చెప్పని దోషము మన నదికే ఉన్నది. స్వామి ఆమెను శపించెనని వాల్మీకి వ్రాయలేదు. అదే గోదావరి ఒడ్డున భద్రాద్రియందు సీతాసమేతుడై ఆయన కొలువున్నాడు. పెద్దాయన చాలసేపు మాటాడక, "గంగమ్మకు గూడ ఇట్లనే అయిందా" అన్నాడు.

పాఠకులలో ఒక సందేహము కలుగవచ్చును. మన గోదావరిలో బాన్ ఏల రాదు? గోదావరి ముఖమున, కాకినాడ ప్రాంతమున, పోటుపాటుల భేదము సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. హుగ్లీ ముఖమున అది అంతకు మూడింతలు. కావున యానాము వద్ద నీరు మెల్లగా పొంగి తగ్గునే గాని గోడవలె లేవదు. ఇక గోదావరిఖని యెక్కడ, సముద్రమెక్కడ!

అయినను గోదావరిఖనివారు గోదావరి వెనుకకు నడచుటను మరియొక రీతిని చూచినారు. 2019 జూన్ 21న కాళేశ్వరము ఎత్తిపోతల పథకము ప్రారంభమైనది. ప్రాణహిత కలిసిన పిమ్మట మేడిగడ్డ వద్ద 100 మీటర్ల మట్టమున నిలిచిన నీటిని అన్నారమునకు 119 మీటర్లకు, సుందిళ్ళకు 130 మీటర్లకు, అచటినుండి గోలివాడ పంపులద్వారా రామగుండము చెంతనున్న ఎల్లంపల్లికి 148 మీటర్లకు చేర్చునట్లు ఏర్పరచిరి. వేసవిలో ఇసుకతిన్నెలు తేలు వంతెన క్రింద నీరు నిండుగా నిలిచినది. ఇది ఆకర్షణచే జరిగినది కాదు, యంత్రబలముచే జరిగినది. "కరెంటుకు బొగ్గు మాదే గదా, నీళ్ళను మేమే ఎత్తినం" అని పెద్దాయన గర్వముగా అనెడివాడు. ఆ గర్వమును నేను తప్పు పట్టను. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో స్తంభములు క్రుంగినవి. ఆ పిమ్మట మూడు ఆనకట్టలను ఖాళీ చేసిరి. వంతెన క్రింద ఇసుక మరల తేలినది. దాని కారణములు ఏవియో తేల్చువారు వేరే యున్నారు, పురాణము చెప్పువానికి అందు పని లేదు. యంత్రము ఆగినంతనే నీరు తన పల్లమును తాను వెదకుకొన్నదని మాత్రము గమనించితిని.

ఆ సంగతి జరిగిన కొన్నాళ్ళకు నేనే ఆయనను అడిగితిని. "బాన్ కూడ నిలువదు గదా నాయనా. కొన్ని గంటలకు పాటు వచ్చి నీరంతయు దిగిపోవును. మరి నీకు దొరికిన దేమి?"

ఇందులో పరీక్షించు బుద్ధి కొంత ఉన్నదని ఒప్పుకొందును. ఆయన తడుముకొనలేదు.

"దిగిపోయింది అయ్యగారూ. నేను సాయంత్రందాక ఆడనే కూసున్న. మా ఆడామె రాదు. పోయిన నీళ్ళు రాలే, అయి సముద్రపు నీళ్ళు. కని ఎండిన మెట్లు తడిసినయి. మల్ల అమాసకు మల్ల వస్తదన్నరు."

నేను ఆనాటి నా మాటను ఆయన ఎదుట ఉపసంహరించుకొంటిని. గతజలమునకు సేతువు కట్టలేము, నిజమే. కాని నేను ఆయనకు చూపినది ఎండిన ఏరును మాత్రమే. పైనుండి పోయిన నీటిని గూర్చి చెప్పి, క్రిందినుండి రాగల నీటిని గూర్చి చెప్పక పోతిని. పర్వము పర్వమునకు కడలి తప్పక లేచునను సంగతి తెలిసినవాడు ఒక పోటు దిగిపోయినదని ఏడువడు. మెట్లపై కాచుకొని యుండును. స్మరణమనగా నేనెరిగినది ఇంతమాత్రమే. అది ఆయనకు పడవవారివద్దనే తెలిసినది, నావద్ద కాదు.

అప్పటినుండి ఆయన చేయుచున్న పనిని చెప్పెదను. ఏకాదశి వచ్చినదన్న, కాలనీలో ధర్మపురి చూడని ముసలమ్మలను ఇద్దరినో ముగ్గురినో వెంటబెట్టుకొని బస్సెక్కించుకొని పోవుచున్నాడు. ఛార్జీలు తన పింఛనునుండియే. వారిలో కొందరి భర్తలు ఇంకను జీతమునాడు త్రాగువారే. తిరిగి వచ్చిన తరువాత ఆ యిండ్లకు పోయి ఆ మగవారి ప్రక్కన కూర్చుండునట. ఏమి చెప్పెదవని అడిగితిని. "ఏం చెప్పను, మా ఆడామె ముచ్చట చెప్త" అన్నాడు.

కార్తికమున గంగ ఒడ్డున ఆయనకు మరియొక పని కూడ కలదు. ఎల్లంపల్లి గేట్లు ఎత్తినప్పుడు దిగువన నీరు చూచుచుండగా పెరుగును. స్నానమునకు దిగినవారు, ముఖ్యముగా పిల్లలు, ఇసుకతిన్నెపై నిలిచి ఏమరియుందురు. యాత్రికులు దీనిని తప్పక గుర్తుంచుకొనవలెను: పడవకు నడుమ క్షేమము, ఈత రాని మనిషికి ఒడ్డే క్షేమము. సైరను మ్రోగినచో మునక సగములో ఉన్నను పైకి రావలెను. స్వామి మిగిలిన సగమును లెక్కలో వ్రాసికొనును.

గత కార్తికమున నేను ఆయనతో కూడ తెల్లవారుజామున పోయితిని. మోకాటిలోతు నీరు. చలి. ఆయన మెడలో ఎవరో ఇచ్చిన ఈల వ్రేలాడుచున్నది. పిల్లలు లోపలికి పోయినప్పుడెల్ల అది ఊదుచు, నడుమ నడుమ "బాన్, బాన్" అని అరచుచున్నాడు. పిల్లలకు దాని అర్థము తెలియదు, నవ్వుచు ఒడ్డునకు పరుగెత్తుచున్నారు. అందరును ఎక్కిన తరువాత తాను దిగినాడు. తన పేర ఒక మునక మునిగినాడు. భార్య పేరు పైకి చెప్పి రెండవ మునక మునిగినాడు. మూడవదానికి నావైపు చూచి, "మీ పేరు మీద గూడ ఒకటేద్దునా అయ్యగారూ, చలికి మీరు దిగేటట్టు లేరు" అన్నాడు.

నేను ఉత్తరీయము ఒడ్డున పెట్టి దిగితిని.